కారులో చల్లదనం: ఒక యంత్రం పుట్టుక, ఎదుగుదల, మరమ్మతు

తయారీ దశలోనే కారుకు ఏసీ అమర్చి అమ్మకానికి పెట్టిన మొదటి సంస్థ అమెరికాలోని ప్యాకార్డ్ మోటార్ కార్ కంపెనీ. 1939 నవంబరులో చికాగోలో జరిగిన వాహన ప్రదర్శనలో ఆ సంస్థ తన కొత్త కార్లకు 274 డాలర్ల అదనపు ధరతో ఈ సౌకర్యాన్ని ప్రకటించింది. గాలిని చల్లబరిచే భాగం, ఆ గాలిని లోపలికి తోసే ఫ్యాను కలిసి డిక్కీలో దాదాపు సగం చోటును ఆక్రమించేవి. కంప్రెసర్‌కు క్లచ్ లేకపోవడంతో ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరుగుతూనే ఉండేది. చలి ఎక్కువైతే డ్రైవరు బండి పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టును చేత్తో ఊడదీయవలసి వచ్చేది. ఖరీదైన ఈ సౌకర్యాన్ని కోరుకున్నవారు తక్కువ కావడంతో 1941 తర్వాత ప్యాకార్డ్ దాన్ని విరమించుకుంది.

ఆ తర్వాత యంత్రం రూపురేఖలు ఎంతగా మారినా, దానిలోని సూత్రం మాత్రం మారలేదు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల నుంచి వేడిని లాక్కుంటుంది. మట్టికుండ గోడలకు ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరచడం ఈ కారణంగానే. అయితే కుండ మీద ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది, కారు ఏసీలో ఆవిరైన పదార్థం మాత్రం మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ మళ్లీ ద్రవమవుతుంది. శీతలకం అని శాస్త్రం పిలిచే ఈ పదార్థాన్నే మెకానిక్‌లు ‘గ్యాస్’ అంటారు. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటరుకు ముందుండే కండెన్సర్‌లో అది ఆ వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని ద్వారం దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, డాష్‌బోర్డు వెనుక ఉన్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారు లోపలి వేడిని గ్రహిస్తుంది. ఇంధనంలా ఖర్చయ్యే గుణం ఈ గ్యాసుకు లేదన్న ఒక్క విషయం తెలిసినవారు మరమ్మతు బిల్లును సగం అర్థం చేసుకున్నట్టే.

గ్యాసు కథ కూడా తక్కువదేమీ కాదు. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం రూపొందించిన ఆర్-12 మంటకు అంటుకోదు, పీల్చినా విషం కాదు. అందుకే దశాబ్దాలపాటు కార్లన్నిటిలో అదే రాజ్యమేలింది. అది ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలండ్ హెచ్చరించగా, 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం దాని శకానికి ముగింపు పలికింది. 1990లలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా, భూమిని వేడెక్కించడంలో అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కన్నా వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతమైనది కనుక, ఐరోపా సమాఖ్య 2017 నుంచి కొత్త కార్లలో దాని వాడకాన్ని ఆపేసింది. దాని స్థానంలో వస్తున్న ఆర్-1234వైఎఫ్ పర్యావరణానికి ఎంతో మేలైనదే కానీ, ధర మాత్రం పాత గ్యాసుకు ఎన్నో రెట్లు.

యంత్రం ఎదిగేకొద్దీ మరమ్మతు బరువు కూడా పెరిగింది. 1954లో నాష్ కంపెనీ హీటరును, ఏసీని ఒకే వ్యవస్థగా చేసి కారు ముందు భాగంలోనే ఇమిడ్చింది. నేటి కార్లన్నీ నడుస్తున్నది ఆ దారిలోనే. దీనివల్ల డిక్కీ ఖాళీ అయింది కానీ, కూలింగ్ కాయిల్ డాష్‌బోర్డు లోతుల్లోకి చేరింది. ఫలితంగా చాలా కార్లలో ఆ కాయిల్‌కు చిల్లు పడితే స్టీరింగు చుట్టూ ఉన్న భాగాలు, మీటర్లు, వైర్లు విప్పి డాష్‌బోర్డు మొత్తాన్ని కిందికి దించాల్సి వస్తుంది కనుక, కాయిల్ ధరను మించి కూలీ పడుతుంది. కండెన్సర్ గొట్టాలు కూడా వేడిని త్వరగా వదలడానికి వెంట్రుకల్లాంటి సన్నని దారులుగా మారాయి. కంప్రెసర్ లోపల అరిగి విరిగితే లోహపు పొడి ఈ దారుల్లో ఇరుక్కుంటుంది. కడిగినా పూర్తిగా పోదు. పాత కండెన్సర్‌తోనే కొత్త కంప్రెసర్ బిగిస్తే, ఆ పొడి దాన్నీ త్వరలోనే పాడు చేస్తుంది. కంప్రెసర్, కండెన్సర్, వాల్వు, తేమను పీల్చే డ్రయర్ అన్నీ ఒకేసారి మార్చాలని సర్వీస్ సెంటర్ చెప్పడానికి కారణం ఇదే. వారంటీ ముగిసిన యజమానికి ఇది గుండె గుభేల్మనిపించే మొత్తమే అయినా, కంప్రెసర్ నిజంగా విరిగిన సందర్భంలో ఆ సలహా సరైనదే.

అయితే చల్లదనం తగ్గిన ప్రతిసారీ కంప్రెసర్ పోయినట్టు కాదు. దుమ్ముతో పూడుకుపోయిన క్యాబిన్ ఫిల్టరు, తిరగని కండెన్సర్ ఫ్యాను, కాలిపోయిన ఫ్యూజు, పని చేయని రిలే, పాడైన ప్రెజర్ సెన్సర్ కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి; వీటి ఖర్చు కంప్రెసర్ ఖర్చులో చిన్న భాగం. గ్యాసు తగ్గిపోతే వ్యవస్థను కాపాడే స్విచ్ కంప్రెసర్‌ను తిరగనివ్వదు; దాన్ని చూసి కంప్రెసరే చెడిపోయిందని పొరబడే ప్రమాదం ఉంది.

మంచి మెకానిక్ పని గేజీలతో మొదలవుతుంది. తక్కువ ఒత్తిడి వైపు నీలం గొట్టం, ఎక్కువ ఒత్తిడి వైపు ఎర్ర గొట్టం తగిలించి రెండు ముళ్లను గమనిస్తాడు. ఆర్-134ఏ వాడే కారులో వేసవి రోజున అవి సుమారు 2, 15 బార్ల దరిదాపుల్లో ఉండాలి. రెండూ తక్కువగా ఉంటే గ్యాసు కారిపోయిందని, రెండూ దాదాపు సమానంగా నిలిచిపోతే కంప్రెసర్ నొక్కడం లేదని అనుమానించవచ్చు. ఆపై నైట్రోజన్ నింపి, సబ్బు నురుగుతోనో, అతినీల లోహిత కాంతిలో మెరిసే రంగుతోనో లీకును వెతుకుతాడు. తరచూ అది రెండు గొట్టాలు కలిసే చోట ఉండే చిన్న రబ్బరు రింగులోనో, రాయి తగిలిన కండెన్సర్‌లోనో దొరుకుతుంది. లీకు మూసిన తర్వాత పంపుతో లోపలి గాలిని, తేమను లాగేసి, ఆ శూన్యం చెక్కుచెదరకుండా నిలుస్తుందో లేదో చూసి, కారు మీద అతికించిన స్టిక్కరులో రాసి ఉన్నన్ని గ్రాముల గ్యాసును తూచి నింపుతాడు. లీకు వెతకకుండా ఏటా గ్యాసు పట్టించడం డబ్బుకు చేటు. గ్యాసుతో పాటు నూనె కూడా కారిపోతుంది కనుక చివరికి కంప్రెసర్‌కూ చేటు.

విద్యుత్ కార్లలో కంప్రెసర్‌ను బెల్టు కాకుండా మోటారే తిప్పుతుంది. చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచే బాధ్యత కూడా దానిదే. అందులో వాడే నూనె విద్యుత్తును ప్రవహింపనీయని రకానిది కావాలి; సాధారణ కార్ల నూనె పొరపాటున కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. అలాంటి బండిని అధిక వోల్టేజీ పనిలో శిక్షణ లేని చేతుల్లో పెట్టకూడదు.

వారంటీ ముగిసిన తర్వాత పెద్ద బిల్లు ఎదురైనవారు భాగాలు మార్చడానికి ఒప్పుకునే ముందు గేజీ లెక్కలు, లీకు కనపడిన చోటు చూపించమని, మార్చాక తీసేసిన పాత భాగం చూపించమని అడగాలి. భాగాల ధర, కూలీ, గ్యాసు విడివిడిగా రాసిన అంచనాను కాగితం మీద తీసుకోవాలి. మరో చోట రెండో అభిప్రాయం కోరడానికి వెనుకాడకూడదు. మన్నిక కాలానికి చాలా ముందే భాగం విఫలమైతే, సర్వీసు రికార్డులతో తయారీ సంస్థకు రాసి ఖర్చులో వాటా అడగవచ్చు. అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడిపితే లోపలి నూనె తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి. మూసిన గొట్టాల్లోంచి గ్యాసు తనంతట తాను మాయం కాదు; ఎక్కడ కారిందో తేలకుండా చేసే ఏ మరమ్మతునూ వాహన యజమాని మరమ్మతుగా అంగీకరించకూడదు.