జట్టుకు గురువును వెదకునప్పుడు

ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుని నియమించుట పైకి ఒక ఉద్యోగపు ఎంపికవలెనే కనిపించును. దరఖాస్తులు పిలువవచ్చును, యోగ్యతాపత్రములు చూడవచ్చును, జీతము నిర్ణయింపవచ్చును. కాని ఆ నియామకపత్రముతో మనము ఒకరి చేతికి అప్పగించునది ఇరువది ముప్పది మంది యువకుల నిండు యౌవనము. ఓడిన ఆట వచ్చే ఏడు గెలువవచ్చును. గడచిన వయస్సు మరల రాదు. వృత్తి క్లబ్బు కోట్లు వెచ్చించి కోచ్‌ను తెచ్చుకొన్నను, తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఒక ఉన్నత పాఠశాల తన పిల్లలకు ఆట నేర్పువానిని ఎన్నుకొన్నను, అడుగవలసిన ప్రశ్న మూలమున ఒక్కటే: ఈయన నేర్పగలరా?

సాధారణముగా మనము ముందు అడుగునది మరొక ప్రశ్న: ఈయన ఎంత గొప్ప ఆటగాడు? తెనాలివారికి ఈ ప్రశ్నలోని లోపము విడమరచి చెప్పనక్కరలేదు. నాటకము తెలిసిన ఊరది. పద్యము ఎత్తుకొన్నంతనే సభను కట్టిపడవేయు నటుడు, ఇతరులచేత నాటకము ఆడింపబూనినప్పుడు తడబడవచ్చునని అక్కడివారు ఎరుగుదురు. ఫుట్‌బాల్‌లోను అంతే. మారడోనాను మించిన ఆటగాడు అరుదు. ఆయన శిక్షకుడుగా ఉన్న అర్జెంటీనా 2010 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ చేతిలో 0–4 గోల్స్‌తో ఓడినది. వృత్తి ఫుట్‌బాల్ ఎన్నడును ఆడని అరిగో సాకీ 1987లో ఇటలీలోని మిలాన్ జట్టును చేపట్టి, 1989, 1990 సంవత్సరములలో వరుసగా యూరోపియన్ కప్పు గెలిపించినాడు. ఆడుట ఒక విద్య. ఆడించుట వేరొక విద్య.

ఈ రెండవ విద్యకు గొప్ప ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీంగారు బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులై నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసినారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు సాధించినది; 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందినది. ఈ ఫలితములకన్న, వాటికై ఆయన వేసిన దారి మనకు ముఖ్యము.

బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. నేలను పరీక్షింపక విత్తనము ఎన్నుకొనరాదని ఆ ఊరి విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. రహీంగారు తన నేలను పరీక్షించినారు. మన కుర్రవాళ్లు బంతిని కాళ్ల మధ్యనే తిప్పుకొనుచు తోటివానికి అందింపరు. ఒక్క కాలితోనే తన్నుదురు. ఇది కనిపెట్టి, బంతిని వెంట నడిపించుకొని పోరాదన్న నియమముతో కొన్ని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలెనన్న నియమముతో మరికొన్ని పోటీలు పెట్టించినారు. ఉపన్యాసముతో పోని అలవాటు అట్టి సాధనతో పోవును. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, పలువురు బూట్లు లేకయే ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 1–10 గోల్స్‌తో ఓడినది. ఆ ఓటమి తరువాత మన ఆటలో బూట్లు తప్పనిసరి అయినవి. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో అదే రహీంగారి జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోల్స్‌తో ఓడించినది. కనుక అభ్యర్థిని అడుగవలసినది, "మీరు ఎన్ని గెలిచినారు?" అని కాదు, "మీ పెద్ద ఓటమి తరువాత ఏమి మార్చినారు?" అని. ఆ జవాబులో తప్పంతయు ఆటగాండ్రదే అయినచో, ఆయన ఏమియు నేర్చుకొనలేదని తెలియవలెను.

రేపల్లె ప్రాంతపు రైతుకు కాలువ చివరి భూముల బాధ తెలియును. ఎగువ పొలములు నిండుట గొప్ప కాదు. చివరి మడికి నీరు చేరినప్పుడే కాలువ పారినట్లు. శిక్షకునికి కూడ ఇదే పరీక్ష. సికిందరాబాదు చేరువ అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం, రహీంగారి కంట పడి ఇరువది ఏండ్లకే ఒలింపిక్స్‌లో ఆడినారు. జకార్తాలో గోల్‌కీపర్ తంగరాజ్ అస్వస్థుడైనప్పుడు ప్రద్యోత్ బర్మన్ సిద్ధముగా ఉండెను. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు మార్చగా, అతడు సెమీ ఫైనల్‌లోను, ఫైనల్‌లోను గోలు చేసినాడు. మొదట 0–2తో ఓడించిన దక్షిణ కొరియాపైననే ఫైనల్‌లో భారతము 2–1తో గెలిచినది. వెనుక కూర్చున్నవానిని సైతము ఎరిగిన గురువు మాత్రమే ఇట్టి మార్పు చేయగలడు.

ఐతే నియమించువారి బాధ్యత నియామకముతో తీరిపోదు. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. జట్టు ఇండియన్ సూపర్ లీగ్ మొదటి ఏడు అట్టడుగున నిలిచినది. 2020లో వచ్చిన స్పెయిన్ దేశపు శిక్షకుడు మనోలో మార్కెజ్ యువకులను నమ్మి ఆడించినాడు; 2022 మార్చి 20న ఆ జట్టు విజేత అయినది. 2023లో ఆయన వెళ్లిపోయినాడు. జీతముల బాకీలు, ఆటగాండ్ర వలసలు మిగిలినవి. 2023–24లో జట్టు మరల అట్టడుగునకే చేరినది. ఇంగ్లండులో మాంచెస్టర్ యునైటెడ్ 1986లో అలెక్స్ ఫెర్గూసన్‌ను పిలిచి, మొదటి కప్పునకై 1990 వరకు ఓపిక పట్టినది. వేళకు జీతము, తగినంత గడువు, జట్టు కూర్పులో స్వేచ్ఛ ఇవ్వలేనివారు ఎంత గొప్ప కోచ్‌ను తెచ్చినను ఫలము శూన్యము.

ఇక ఆచరణ మాట. లైసెన్సు తప్పక చూడవలెను; కాని అది ఆయన చదివినాడని చెప్పునేగాని నేర్పగలడని చెప్పదు. ఒక పూట మైదానములో సాధన చేయింపుమని కోరి, ఎవరితో మాట్లాడుచున్నాడో, వెనుకబడినవానిని గమనించుచున్నాడో లేదో చూడవలెను. పూర్వపు శిష్యులను విచారింపవలెను. ముఖ్యముగా జట్టునుండి తొలగింపబడినవారిని. గాయపడిన పిల్లవానిని కప్పుకోసము ఆడించినాడా అని అడుగవలెను.

రహీంగారు జకార్తా విజయము నాటికే వ్యాధిగ్రస్తులు. 1963 జూన్ 11న కన్నుమూసినారు. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణము రాలేదు. అట్టివారు మరల కావలెనన్న, పేరు మోసిన ఆటగాండ్ర జాబితాలో మాత్రమే వెదకినచో చాలదు. నల్లరేగడి బురదలో పిల్లలతోపాటు తానును తడియుచు, ఎవని కాలు ఎందుకు తడబడుచున్నదో గుర్తుపెట్టుకొను ఉపాధ్యాయుడు ఈ మూడు ఊళ్ల పాఠశాలలలో ఎక్కడనో ఉండవచ్చును. అతనిని గుర్తించు చూపు ఎంపిక సంఘమునకు ఉండవలెను.