కూరలు తరుగు పలక: దాని శుభ్రత, సంరక్షణ

కడచిన వేసవిలో ఒక ఆదివారము ఉదయమున కాశిమేడు రేవునకు పోయి వంజరం చేప కొని తెచ్చితిని. మా యింటిలో దానిని చెక్కపలకపై ముక్కలు చేసిరి. పిమ్మట నేను ఆ పలకను చన్నీటితో ఒక్కసారి తొలిచి, దానిమీదనే దోసకాయ తరిగి పెరుగులో కలిపితిని. ఆ రాత్రియే మా మనుమనికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. మూడు దినములు పిల్లవాడు బడికి పోలేదు. వైద్యుడు అన్ని వివరములు అడిగి, చివరకు, “ఆ దోసకాయ దేనిమీద తరిగితిరండీ?” అనెను. ఆ ప్రశ్నకు నేను తలవంచుకొంటిని. జబ్బునకు అదియే కారణమని పరీక్షించి తేల్చినవారు లేరు. అయినను నాటినుండి ఆ పలకను గూర్చి తెలిసికొనవలెనని నాకు పట్టుదల కలిగినది. “ఇల్లు చూచి ఇల్లాలిని చూడుము” అని సామెత. మా యింట ఆనాడు తప్పు ఇల్లాలిది కాదు, నాది.

ఇందలి కీలకము చాల చిన్నది. పచ్చిచేపయందు, పచ్చిమాంసమునందు సూక్ష్మక్రిములు ఉండవచ్చును. పులుసు బాగుగా మరిగినచో అవి నశించును. కాని దోసకాయ, ఉల్లిపాయ, కొత్తిమీర మున్నగువానిని మనము ఉడికింపకయే తినెదము. చేపనుండి పలకకు, పలకనుండి దోసకాయకు ప్రాకిన క్రిమి తిన్నగా బిడ్డ కడుపులోనికి పోవును. అందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001వ సంవత్సరమున ప్రకటించిన అయిదు ఆహార సూత్రములలో, పచ్చి పదార్థములను వండిన పదార్థములనుండి వేరుగా ఉంచవలెననుట ఒకటి.

సముద్రతీరమున నివసించు మనకు ఇంకొక సంగతి కూడ తెలియవలెను. 1950లో జపానుదేశపు ఒసాకా నగరమున ఆరబెట్టిన చిన్నచేపలు తిని 272 మంది జబ్బుపడగా, వారిలో 20 మంది మరణించిరి. అప్పుడు ఫుజినో అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న క్రిమికి నేడు విబ్రియో పారాహీమోలిటికస్ అని పేరు. ఇది ఉప్పునీటిలో బ్రదుకునది. వెచ్చని వాతావరణమున మిక్కిలి త్వరగా వృద్ధిపొందును. మంచినీరు దీనికి సరిపడదు. కనుక చేపను ఇంటికి తెచ్చినంతనే ధారాళమైన మంచినీటితో కడుగవలెను. పలకను ఉప్పుతోను, నిమ్మచెక్కతోను రుద్దినచో నీచువాసన పోవును. అంతమాత్రమున పలక శుభ్రమైనదని తలంపరాదు. అది సబ్బునకు బదులు కాజాలదు.

చెక్క మంచిదా, ప్లాస్టిక్ మంచిదా అని పలువురు అడుగుచుందురు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డీన్ క్లైవర్ మున్నగువారు చేసిన పరిశోధన 1994లో వెలువడినది. చెక్కపై వేసిన క్రిములు లోనికి ఇంకిపోగా, పైభాగమునుండి వానిని తిరిగి రాబట్టుట కష్టమైనదట. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ పలకను చేతితో కడిగి శుభ్రపరచుట మాత్రము కష్టమని తేలినది. అంతమాత్రమున చెక్కను కడుగనక్కరలేదని కాదు. గాట్లు ముదిరిన ప్లాస్టిక్ పలకను పారవేయవలసినదే. చెక్కపలకనైతే వడ్రంగిచేత చిత్రిక పట్టించి మరల వాడుకొనవచ్చును. మాంసపు అంగళ్లలో చింతమొద్దును వాడుట మీరు చూచియుందురు. చింతచేవ గట్టిది, కత్తివేటుకు ఓర్చును.

ఇక కడుగు విధానము. పలకకు అంటుకొన్న తుక్కును కత్తి వెనుకభాగముతో గీకివేయవలెను. వేడినీటితోను సబ్బుతోను పీచుపెట్టి రెండువైపులను, అంచులను తోమవలెను. మంచినీటితో తొలిచి, పొడిగుడ్డతో తుడిచి, గాలి తగులునట్లు గోడకు నిలువుగా ఆనించవలెను. నేలపై పరచి ఆరబెట్టినచో అడుగున తడి నిలిచిపోవును. తడియే క్రిములకు ఆశ్రయము. చెక్కను నీటిలో నానవేయరాదు, పగులును. పగటియెండలో గంటలకొలది విడువరాదు, వంకర తిరుగును.

చేపగాని, మాంసముగాని కోసినప్పుడు సబ్బుతో కడిగిన తరువాత, సువాసన కలుపని ద్రవపు బ్లీచ్ 15 మిల్లీలీటర్లు 4 లీటర్ల నీటిలో కలిపి పలకపై పోసి, కొన్ని నిమిషములు ఉంచి, మంచినీటితో కడిగి ఆరబెట్టుట మేలు. ఒక హెచ్చరిక: బ్లీచ్‌తో నిమ్మరసముగాని, వెనిగరుగాని ఎన్నడును కలుపరాదు. ఊపిరితిత్తులకు హానిచేయు విషవాయువు పుట్టును.

కత్తిపీటను ఇంకను వాడువారు, కత్తి పీటలో దిగిన సందును చిన్న కుంచెతో తోమవలెను. పైకి ఎంత మెరసినను మురికి దాగునది అచ్చటనే. కడిగినవెంటనే ఇనుమును పొడిగా తుడిచినచో తుప్పు పట్టదు.

చేపకొకటి, కూరలకొకటి చొప్పున రెండు పలకలు ఉండుట ఉత్తమము. కాని మన రాయపురపు ఇరుకు ఇండ్లలో అందరికిని అది సాధ్యము కాదు. ఒక్క పలకయే ఉన్నవారు వరుస పాటించిన చాలును. పచ్చిగా తినునవి మొదట తరిగి మూతపెట్టవలెను. ఉడికించు కూరలు పిమ్మట. చేప, మాంసము కట్టకడపట. ఇందులకు పైసా ఖర్చు లేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటి. ఈ పనిని తల్లులమీదనే వేయకుడు. పలక కడిగి నిలువుగా ఆనించుట పదేండ్ల బాలుడైనను, బాలికయైనను చేయగల పని. మా యింట ఇప్పుడు ఆ పని నాది, నా మనుమనిది. నేను తోమెదను, వాడు తుడుచును. నేను తొందరపడి పలకను తడిగానే పెట్టినచో, “తాతయ్యా, ఆరలేదు” అని వాడే నాకు గుర్తుచేయును.