దూరపు పరుగులు – మా ప్రయాణాలు, కొన్ని వివరాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగారు. కవిత రాయడం మాకు చేతకాదు. అందుకని రెండేళ్ళుగా కొన్ని శనివారాలు మేము బ్యాగులు సర్దుకుని ఎక్కడికి మాయమవుతున్నామో రాద్దామనుకున్నాం. మేమంటే ముగ్గురం. ఒకరిది జనగామ వైపు, ఒకరిది పరకాల వైపు, చిన్నవాడిది ములుగు. పి.జి. హాస్టల్లో ముగ్గురిదీ ఒకటే గది. కలం పట్టింది ఒకరే అయినా మాట ముగ్గురిదీ.

అసలు ఇది కానిస్టేబుల్ ఉద్యోగం కోసం మొదలైంది. 2022 నోటిఫికేషన్లో మగవాళ్ళకు 1600 మీటర్లు, ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు పెట్టారు. దాని కోసం రోజూ తెల్లవారుజామున గ్రౌండుకు వెళ్ళాం. పరుగులో నెగ్గాం, చివరి రాతపరీక్షలో పోయింది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. 1600 మీటర్లు 5 కిలోమీటర్లయింది, 5 కాస్తా 10 అయింది. ఒక సీనియర్ అన్న చూసి, "ఊరికే గ్రౌండు చుట్టూ ఎంత తిరుగుతారురా, హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కు పోండి" అన్నాడు.

మారథాన్ అంటే చాలామంది ఏ పరుగైనా అనుకుంటారు. జిల్లా కేంద్రాల్లో జరిగే 2కె రన్, 5కె రన్‌ను కూడా పేపర్లు మారథాన్ అనే రాస్తాయి. నిజానికి మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, అందులో సగం హాఫ్ మారథాన్. ఈ విచిత్రమైన అంకె ఎలా వచ్చిందంటే, 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు దూరం సుమారు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగును విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ఎదుట ముగించారు. ఆ దూరం 26 మైళ్ళ 385 గజాలయింది. 1921లో దానినే ప్రమాణంగా ఖాయం చేశారు. రాజుగారి కుర్చీ ఎక్కడ వేశారో అక్కడిదాకా లోకమంతా ఇప్పటికీ ఉరుకుతోందన్నమాట! రోడ్డును కొలిచే పద్ధతి కూడా ఉంది. సైకిల్ చక్రానికి ఒక చిన్న లెక్కింపు పరికరం బిగించి, మలుపుల్లో అతి దగ్గరి దారిన తొక్కుతూ కొలుస్తారు. పొరపాటున కూడా దూరం తగ్గకూడదని వెయ్యికి ఒక వంతు అదనంగా కలుపుతారు. హాఫ్ మారథాన్‌కైతే అది 21 మీటర్లు. చివరి కిలోమీటరులో ఆ 21 మీటర్లను మేము తిట్టుకోని రోజు లేదు.

మొదటిసారి ఫీజు చూసి ఆగిపోయాం. పెద్ద నగరాల్లో హాఫ్ మారథాన్ ప్రవేశ రుసుము వెయ్యి రూపాయలు దాటుతుంది. ముందుగా నమోదు చేసుకుంటే కొంత తగ్గిస్తారు, ఈ సంగతి తెలియక మొదటి ఏడాది నష్టపోయాం. ఇంట్లో చెప్పినప్పుడు ములుగు తమ్ముడికి, వాళ్ళమ్మకు ఫోనులో జరిగిన సంభాషణ మా గదిలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం.

"ఉరికితే ఏమిస్తరు బిడ్డా?"

"మెడల ఏసుకునే బిళ్ళ ఇస్తరమ్మా."

"మరి మనకు పైసలెంత ఇస్తరు?"

"మనమే కట్టాలమ్మా."

అవతల చాలాసేపు మాట లేదు. తరువాత, "అన్నం తిన్నవా?" అని అడిగి ఫోన్ పెట్టేసిందట. నవ్వుతాం గానీ, ఆమె అడిగింది సరైన ప్రశ్నే. రోజంతా పొలంలో వంగి పనిచేసేవాళ్ళకు, చెమట పట్టించుకోవడానికి డబ్బు కట్టడం ఏమిటో మేము ఇంతవరకు సరిగ్గా వివరించలేకపోయాం.

హైదరాబాద్‌లో 2011 నుంచి ఈ మారథాన్ జరుగుతోంది. ఆగస్టు చివర్లో ఉంటుంది. పరుగు ఆదివారమే అయినా, ముందురోజులకల్లా వెళ్ళి బిబ్ తెచ్చుకోవాలి. బిబ్ అంటే ఛాతీకి నాలుగు పిన్నులతో పెట్టుకునే నంబరు కాగితం. గుర్తింపు కార్డు చూపితేనే ఇస్తారు. అందుకే పల్లె నుంచో జిల్లా నుంచో వెళ్ళేవాడికి ఒక రాత్రి బస ఖర్చు తప్పదు. మేము కాజీపేటలో జనరల్ బోగీ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, నగరంలో చదువుతున్న మిత్రుల హాస్టల్ గదిలో నేల మీద పడుకున్నాం. తెల్లవారుజామున సిటీ బస్సులు దొరకలేదు, ఆటోవాడు అడిగిన డబ్బు మా దగ్గర లేదు. నాలుగు కిలోమీటర్లు నడిచి నెక్లెస్ రోడ్డు చేరాం. అంటే ఆ రోజు మేము నడిచిందీ, ఉరికిందీ కలిపి 25 కిలోమీటర్లు.

బిబ్ వెనుక చిన్న ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది. ప్రారంభరేఖ మీద, దారిలో కొన్నిచోట్ల, ముగింపు దగ్గర రబ్బరు చాపలు పరుస్తారు. వాటి మీదుగా వెళ్ళగానే ఆ చిప్ మన సమయాన్ని నమోదు చేస్తుంది. వేలమంది గుంపులో వెనుక నిలబడినవాడు ప్రారంభరేఖ చేరడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. కాబట్టి కంగారుపడి మనుషులను తోసుకుంటూ ముందుకు పోనక్కరలేదు, మన లెక్క మనం రేఖ దాటినప్పుడే మొదలవుతుంది. సమయం రాసిన జెండా పట్టుకుని ఒకే వేగంతో ఉరికేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళను పేసర్లంటారు. 2 గంటల 15 నిమిషాల జెండా వెనుక పోవాలంటే కిలోమీటరుకు సుమారు 6 నిమిషాల 24 సెకన్లు చొప్పున ఉరకాలి. హుస్సేన్ సాగర్ పక్కన దారి చదునుగానే ఉంటుంది. తరువాత పంజాగుట్ట, జూబ్లీహిల్స్ వైపు ఎత్తులు, ఫ్లైఓవర్లు వస్తాయి. మొదట గొప్పకు పోయి 2 గంటల జెండా వెంట పడ్డాం, జూబ్లీహిల్స్ ఎక్కేసరికి ఆ జెండా కనుమరుగైంది. ముగింపు గచ్చిబౌలి స్టేడియంలో. మన సంచులను వాళ్ళే లారీలో అక్కడికి చేరుస్తారు. తిరుగు ప్రయాణానికి డబ్బు ఆ సంచిలో పెట్టకుండా నిక్కరు జేబులో పెట్టుకోవడం మంచిది. సంచి దొరికేదాకా టీ కూడా తాగలేక కూర్చున్నాం గనుక చెబుతున్నాం.

ఇక అసలు చెప్పవలసిన సంగతి. తరువాతి సంవత్సరం సముద్రతీరాన ఉన్న ఒక నగరంలో పరుగుకు వెళ్ళాం. ఊరి పేరు రాయడం లేదు, తప్పు మాదే కాబట్టి. ఇద్దరికే డబ్బు సరిపోయింది. చిన్నవాడి కోసం ఒక పరిచయస్తుడి ద్వారా, రాలేకపోయిన ఎవరో ఉద్యోగి బిబ్ సగం ధరకు తీసుకున్నాం. వేరేవాళ్ళ బిబ్ వాడకూడదని నియమాలలో స్పష్టంగా ఉంది. "ఎవరు చూస్తారులే" అనుకున్నాం.

మా నేల పొడిగాలి నేల. తీరంలో గాలి నిండా తేమ. ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, చెమట ఆరడం. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. ఒళ్ళు వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, కండరాలకు కూడా అదే రక్తం కావాలి, గుండె మీద రెండు పనులు పడతాయి. అదే వేగంతో ఉరికినా మనిషి త్వరగా అలిసిపోతాడు. ఇవన్నీ తరువాత చదువుకున్నాం. ఆ రోజు మాత్రం రాత్రంతా రైల్లో తలుపు దగ్గర కూర్చుని నిద్ర లేకుండా దిగి, అదే వేగంతో ఉరికాం.

మేమిద్దరం ముగింపు దాటి చిన్నవాడి కోసం నిలబడ్డాం. అరగంటయింది, గంటయింది. వైద్య శిబిరానికి వెళ్ళి పేరు చెప్పి అడిగితే, ఆ పేరుతో ఎవరూ రాలేదన్నారు. ప్రాణం కుదుటపడి మళ్ళీ రోడ్డు వైపు వెతుక్కుంటూ పోయాం. నిజానికి వాడు ఆ గుడారంలోనే మంచం మీద ఉన్నాడు. 17వ కిలోమీటరు దాటాక కళ్ళు తిరిగి పడిపోతే అంబులెన్సులో తెచ్చారు. వాళ్ళు రాసుకున్నది బిబ్ మీది పేరు. బిబ్ వెనుక రాసి ఉన్న రక్తపు గ్రూపు ఆ ఉద్యోగిది. అత్యవసర ఫోను నంబరు ఆయన భార్యది. ఆమెకు ఫోన్ చేసి, మీ భర్త స్పృహ తప్పారని చెప్పారు. ఆ భర్త వేరే ఊరికి పనిమీద వెళ్ళి, ఫోన్ ఎత్తకుండా ఉన్నాడట. ఆ తల్లి ఎంతసేపు విలవిల్లాడిందో మాకు తెలియదు.

వాడికి తెలివి వచ్చి తన సొంత పేరు చెబితే, మొదట వాళ్ళు కలవరిస్తున్నాడనుకున్నారు. ఎండదెబ్బలో మనిషి పొంతన లేకుండా మాట్లాడటం ప్రమాద సూచన కాబట్టి వాళ్ళ అనుమానం సరైనదే. చివరికి మా నంబరు చెప్పి మమ్మల్ని పిలిపించాడు. డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. "రక్తం ఎక్కించాల్సి వస్తే మేము మళ్ళీ పరీక్ష చేస్తాం. కానీ వీడికేదైనా అయితే వాళ్ళమ్మకు ఎవరు చెప్పేవారు?" అని మాత్రం అడిగింది. మేము జవాబు చెప్పలేదు. ఆ ఉద్యోగి భార్యకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాం. ఆమె ఒక్క మాట అనకుండా విని పెట్టేసింది.

నీళ్ళ విషయంలోనూ ఒక పొరపాటు నమ్మకం ఉంది. ఎంత తాగితే అంత మంచిదని మేమూ అనుకునేవాళ్ళం. అతిగా మంచినీళ్ళే తాగితే రక్తంలో ఉప్పు, అంటే సోడియం, పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి కనిపించింది. కాబట్టి దాహమైనప్పుడు తాగడం, మధ్యలో ఓ.ఆర్.ఎస్. గుక్కలు వేయడం చేస్తున్నాం. ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకే కలపాలి, రుచికోసం చిక్కగా కలపకూడదు. ముందురాత్రి మెస్సులో అన్నం, గుడ్డు చాలు. పొద్దున అరటిపండు, పల్లీపట్టి. తొడలు ఒరుసుకుపోకుండా వ్యాజిలిన్ రాసుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు, మొదటి స్నానంలో తెలుస్తుంది.

బూట్ల గురించి జూనియర్లు ఎక్కువ అడుగుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్ళతో గెలిచాడు. మన శివనాథ్ సింగ్ కూడా వట్టి కాళ్ళ పరుగుకు పేరుపొందినవాడే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 11వ స్థానంలో వచ్చాడు, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ముగించి నెలకొల్పిన జాతీయ రికార్డు దశాబ్దాలపాటు నిలిచింది. అయితే వాళ్ళను చూసి తారురోడ్డు మీద చెప్పులు లేకుండా మొదలుపెట్టవద్దు. వేల రూపాయల బూట్లూ అక్కరలేదు. ఏవైనా సరే, కొత్తవి పరుగు రోజున మాత్రం తొడగవద్దు.

చెల్లెళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. బోస్టన్ మారథాన్‌లో ఆడవాళ్ళను అధికారికంగా అనుమతించింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984లో గానీ రాలేదు. మన బాలికల హాస్టల్ నుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు. తెల్లవారుజామున బయటికి పంపడానికి అనుమతి సమస్య ఉందని తెలుసు. మేడం గారు ఒప్పుకుంటే గ్రౌండులో వేరే సమయం చూడవచ్చు.

హాఫ్ మారథాన్‌కు చాలాచోట్ల 18 ఏళ్ళు నిండాలి. అంతకు చిన్నవాళ్ళు 5 కిలోమీటర్లతో మొదలుపెట్టవచ్చు. ములుగు తమ్ముడు మూడు నెలలు ఆగి, డాక్టరుకు చూపించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ముందుగానే డబ్బు పోగుచేసి ముగ్గురి పేర్లతోనూ నమోదు చేశాం. అత్యవసర నంబరు దగ్గర వాడు వాళ్ళమ్మ నంబరు రాశాడు. రోజూ ఉదయం 5 గంటలకు హాస్టల్ గేటు దగ్గర ఉంటాం. వాన పడితే మాత్రం 6 గంటలకు.