ఒక్క కడ్డీకే తీగ, అన్ని కడ్డీలకూ పని

డాబా మీద ఇనప గొట్టానికి బిగించిన చేప ముల్లులాంటి టీవీ యాంటెన్నాలో కడ్డీలు ఎన్ని ఉన్నా, టీవీకి వెళ్ళే తీగ తగిలించేది ఒక్కదానికే. మిగతావి ఏ తీగా లేకుండానే పనిచేస్తాయి. ఈ ఉపాయం జపాన్‌లోని సెండాయ్ నగరంలో, తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది.

అక్కడ ప్రొఫెసర్ హిదెత్సుగు యాగీ దగ్గర పనిచేసిన షింతారో ఉదా, కడ్డీల పొడవులూ వాటి మధ్య దూరాలూ మార్చి మార్చి ప్రయోగాలు చేశారు. 1926 నుంచి ఫలితాలను ఎక్కువగా జపనీస్‌లోనే ప్రకటించారు. 1928లో యాగీ ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసాన్ని ప్రపంచమంతా చదివింది. అందులో ఉదా కృషి ప్రస్తావన ఉన్నా, జనం నోట నిలిచింది యాగీ పేరే.

200 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు ఒకటిన్నర మీటర్లు. తీగ తగిలించే కడ్డీ అందులో ఇంచుమించు సగం, అంటే 75 సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఉంటుంది. దాని వెనకది కొంచెం పొడవు, ముందున్నవి కొంచెం పొట్టి. తరంగం తాకగానే వీటన్నిటిలోనూ విద్యుత్తు పుడుతుంది, అవి మళ్ళీ తరంగాలను వెదజల్లుతాయి. ముందు నుంచి వచ్చే సిగ్నల్ తీగ ఉన్న కడ్డీ దగ్గర ఇలా బలపడుతుంది, వెనక నుంచి వచ్చేది చాలావరకు రద్దవుతుంది.

1942లో సింగపూర్‌ను పట్టుకున్న జపాన్ సైనికులకు బ్రిటిష్ రాడార్ నోట్సు దొరికింది. అందులో ‘యాగీ’ అన్న మాట వాళ్ళకు అర్థం కాలేదు. అది మీ దేశపు శాస్త్రవేత్త పేరేనని ఒక యుద్ధఖైదీ చెప్పాల్సి వచ్చింది! యుద్ధం ముగిశాక, 1950లలో, ఉదా యునెస్కో నిపుణుడిగా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో పనిచేశారు. 1959లో అదే నగరంలో మన దేశపు టీవీ మొదలైంది.

బొమ్మ సరిగా రానప్పుడు చాలామంది ముందు బూస్టర్ కొంటారు. కానీ అది సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది. ముందు యాంటెన్నాను ఎత్తుకు చేర్చి, పొట్టి కడ్డీల వైపును ప్రసార కేంద్రానికి సూటిగా పెట్టాలి. తుప్పు పట్టిన కనెక్షన్లు మార్చాలి. ఆ తర్వాత కూడా బూస్టర్ కావాలంటే దాన్ని యాంటెన్నా దగ్గరే పెట్టాలి. పొడవాటి కేబుల్‌లో బలహీనపడ్డాక పెంచితే పెద్దగా లాభం లేదు. పాత టీవీల్లో బొమ్మ పక్కన కనిపించే నీడ, కొండకో భవనానికో తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం. యాంటెన్నాను కొద్దిగా తిప్పితే ఆ నీడ తగ్గేది. ప్రసారాలు డిజిటల్ అయినా, ఫ్రీక్వెన్సీ సరిపోతే అదే యాంటెన్నా చాలు.

కరెంటు ఖర్చు లేకుండా, కొలతల బలంతోనే సిగ్నల్ పెంచే సాధనం ఇది. ఆ కొలతలు తేల్చిన మనిషిని మరవకుండా, దీన్ని యాగీ–ఉదా యాంటెన్నా అని పూర్తి పేరుతోనే పిలవాలి.