ఒక్క ఉత్తరం... ఇద్దరి జీవితం!

సముద్రం అవతలి నుంచి ఉత్తరం రావడం ఉత్తరాంధ్ర పల్లెలకు కొత్తేం కాదు. ఒకప్పుడు ఇటు భోగాపురం మొదలుకొని శ్రీకాకుళం దాకా ఎన్నో ఊళ్లవాళ్లు బతుకుతెరువు కోసం ఓడెక్కి రంగూన్‌ వెళ్లారు. వాళ్ల క్షేమ సమాచారం కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు. అవంటే అయినవాళ్ల ఉత్తరాలు. మరి ముక్కూమొహం తెలియని ఇద్దరు పిల్లలు, అదీ ఒకరు సంపన్న దేశంలో, ఒకరు పేద దేశంలో ఉండి రాసుకుంటే?

అది 1997. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. పన్నెండేళ్ల కైట్లిన్‌ ఏడో తరగతి చదువుతోంది. వేరే దేశంలోని విద్యార్థికి ఉత్తరం రాయమన్నారు టీచరు. తోటివాళ్లు చాలామంది ఐరోపా దేశాలు ఎంచుకుంటే, పేరు వింతగా ఉందని కైట్లిన్‌ జింబాబ్వే అంది. ఆ దేశంలోని ముతారేలో మార్టిన్‌ గాండా చదివే క్లాసులో యాభైమంది. వచ్చినవి పదే ఉత్తరాలు! చదువులో ముందుండే మార్టిన్‌కి ఒకటి దక్కింది. అప్పుడతనికి పద్నాలుగేళ్లు.

తన ఇల్లు, స్నేహితులు, షాపింగ్‌... అన్నీ రాసేది కైట్లిన్‌. ఓసారి ఫొటో పంపమంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటో పంపేశాడు మార్టిన్‌. పేదల వాడలో మరో కుటుంబంతో కలిసి ఒకే గదిలో ఉంటున్నామని మాత్రం చెప్పుకోలేదు. స్టాంపు కొనడమే ఆ ఇంటికి భారం. ఆఖరికి కాగితం కూడా లేక ఐస్‌క్రీమ్‌ రేపర్‌ మీద ఉత్తరం రాశాడు. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయే పరిస్థితి. అప్పుడు అర్థమైంది కైట్లిన్‌కి, తన నేస్తం ఎలా బతుకుతున్నాడో!

చిన్నపిల్లల్ని ఆడించి సంపాదించిన డబ్బుని ఉత్తరాల్లో పెట్టి పంపడం మొదలుపెట్టింది. తర్వాత ఆమె అమ్మానాన్నలూ తోడయ్యారు. మార్టిన్‌ చదువు నిలబడింది. 2003లో విల్లనోవా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్‌తో సీటొచ్చి అమెరికా చేరాడు. కైట్లిన్‌ నర్సు అయింది. ఇద్దరూ కలిసి, లిజ్‌ వెల్చ్‌ సాయంతో రాసిన పుస్తకం ‘ఐ విల్‌ ఆల్వేస్‌ రైట్‌ బ్యాక్‌’ 2015లో వెలువడింది. ‘ఎప్పుడూ జవాబు రాస్తాను’ అని ఆ పేరుకి అర్థం.

డబ్బున్న అమ్మాయి పేద అబ్బాయిని ఆదుకుందని ఒక్కమాటలో తేల్చేస్తే ఈ కథలో సగమే చెప్పినట్టు. ఇక్కడ ముందు పుట్టింది స్నేహం, సాయం దాని వెనకే వచ్చింది. స్టాంపు ఖరీదు కూడా బరువయ్యే ఇళ్లుంటాయని ఓ పన్నెండేళ్ల పిల్లకి తెలిసింది ఏ పాఠంలోంచో కాదు, నేస్తం రాతలోంచే.

9 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం అంతర్జాతీయ తపాలా సమాఖ్య 1971 నుంచి ఉత్తరాల పోటీ నిర్వహిస్తోంది. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఓ కాగితం, పెన్నూ ఇచ్చి చూడండి. పోటీకే రాయక్కర్లేదు, దూరాన ఉన్న ఏ నేస్తానికైనా సరే. జవాబొస్తే తిరిగి రాయడం మాత్రం మరవొద్దని చెప్పండి!