బొల్లి మచ్చకు అరచేతి కొలత



బిడ్డ ఒంటిమీద తెల్లమచ్చ కనబడితే ఆ ఇంట నిద్ర కరువవుతుంది. "ఇది అంటుకుంటుందా? ఒళ్లంతా పాకుతుందా? రేపు పెండ్లి ఎట్లా?" సంఘ కుటుంబాలను దర్శించేటప్పుడు మేము తరచుగా వినే ప్రశ్నలివి.

కొందరు బొల్లిని "తెల్ల కుష్ఠు" అంటారు. ఆ పేరే తప్పు. కుష్ఠు సూక్ష్మజీవి వలన వస్తుంది. ఆ మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. బొల్లిలో స్పర్శ పోదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరములోని రక్షణశక్తియే నశింపజేయడం వలన మచ్చ తెల్లబడుతుంది. అది ఎవరికీ అంటదు.

మరి పాకుతున్నదా, తగ్గుతున్నదా? భయపడే కంటికి చిన్న మచ్చ కూడా పెద్దదిగా తోస్తుంది. అందుచేత కొలవాలి. కొలబద్ద మన చేతిలోనే ఉన్నది. వ్రేళ్లు కలిపి ఉంచిన అరచేయి మన చర్మములో సుమారు నూటికి ఒక వంతు. అయితే రోగి చేతితోనే కొలవాలి. బిడ్డ మచ్చకు తండ్రి అరచేయి పనికిరాదు.

ఈ ఆధారముతోనే 2004లో కెనడా వైద్యులు "వాసి" అనే లెక్కను ప్రకటించారు. మచ్చ ఎన్ని అరచేతులున్నదో, దానిలో రంగు ఎంత పోయినదో రెండూ చూస్తారు. మోకాలిపై ఒక అరచేయంత మచ్చలో రంగు పూర్తిగా పోతే 1. వీపుపై రెండు అరచేతులంత మచ్చలో సగమే పోతే అదీ 1. మొత్తము 2. చికిత్సతో మచ్చలో వెంట్రుకల చుట్టూ రంగు చుక్కలు పుడితే, మచ్చ అంచు కదలకపోయినా లెక్క తగ్గుతుంది. నిరాశపడిన కుటుంబానికి అది ధైర్యము.

చికిత్స కూడా కొలతను బట్టియే. మచ్చలు కొద్దిగా ఉంటే పైపూత మందులు, ఎక్కువైతే ప్రత్యేక కాంతి చికిత్స ఇస్తారు. ఫలితానికి నెలలు పడుతుంది. ముఖముపై రంగు త్వరగా వస్తుంది; వ్రేళ్ల కొనలపై కష్టము. ఈలోగా బావంచాల నూనె రాసి ఎండలో నిలబడి బొబ్బలు తెచ్చుకొనవద్దు.

లేవీయకాండము 13వ అధ్యాయములో, అనుమానమున్నప్పుడు యాజకుడు ఏడు దినములాగి, మచ్చ వ్యాపించెనో లేదో మరల చూచేవాడు. తొందరపడి తీర్పు చెప్పలేదు. మనమూ అట్లే చేయాలి. నెలకొకసారి కొలిచి, తేదీతో వ్రాసి, ఆ కాగితము చర్మవైద్యునికి చూపండి. మచ్చను కొలవండి గాని, మచ్చతో మనిషిని కొలవకండి.