సైనస్ అంటే జబ్బు పేరు కాదు

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా చలికాలంలో ఏ మెడికల్ షాపు దగ్గర నిలబడ్డా వినిపించే మాట: "నాకు సైనస్ ఉందండీ." నిజానికి సైనస్‌లు అందరికీ ఉంటాయి. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల పేరే అది. వాటి లోపలి పొర వాస్తే దాన్ని సైనసైటిస్ అంటారు.

ఇవి నాలుగు జతలు. చెంపల్లో ఒకటి, కనుబొమ్మల పైన నుదుట్లో ఒకటి, రెండు కళ్ల మధ్య తేనెపట్టు లాంటి చిన్న చిన్న అరలు, వాటి వెనకాల తల నడుమ మరొకటి.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చెంప గదే. పెద్దవాళ్లలో ఇది సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీస్పూన్లు పడుతుంది. చిక్కు ఏంటంటే దీని దారి అడుగున లేదు, పైన ఉంది. లోపలి పొర మీదున్న సన్నని నూగు చీమిడిని కింది నుంచి పైకి నెట్టుకుంటూ పోవాలి. జలుబుతో ఆ దారి వాస్తే చీమిడి లోపలే నిలుస్తుంది. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ ఆ నూగును మందగింపజేస్తాయి. అందుకే సజ్దాకు వంగినప్పుడు ముఖం బరువెక్కుతుంది. పై దవడ పళ్ల వేర్లు ఈ గదికి ఆనుకునే ఉంటాయి కాబట్టి పన్ను నొప్పి అనిపించడమూ మామూలే.

వజూలో ముక్కులోకి తీసుకునే నీళ్లు ఈ గదుల దాకా వెళ్లవు, ముక్కు ముందు భాగాన్నే కడుగుతాయి. ఉప్పునీళ్లతో ముక్కు లోపలిదాకా కడుక్కునేవాళ్లు మాత్రం కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి.

చాలావరకు ఇది వైరస్ వల్ల వస్తుంది, పది రోజుల్లో తగ్గుతుంది. యాంటీబయాటిక్ వైరస్‌పై పనిచేయదు. ఊళ్లో అడగ్గానే ఇస్తున్నారు, అది వేరే సంగతి.

అసలు భయం కంటి పక్క గోడతో. కళ్ల మధ్య అరలకూ కంటికీ మధ్య ఎముక ఎంత పల్చగా ఉంటుందంటే, దాని లాటిన్ పేరుకు అర్థమే కాగితపు రేకు. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ ముక్కులో, సైనస్‌లలో మొదలై కంటికి పాకింది ఇలాగే. షుగర్ అదుపులో లేనివాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు ఎక్కువగా వచ్చింది. అప్పుడు రాష్ట్రంలో దాని చికిత్సకు హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రంగా పెట్టారు. భద్రాచలం నుంచి అక్కడికి 300 కిలోమీటర్లకు పైనే. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్ల నుంచైతే ఇంకా దూరం.

కాబట్టి కన్ను వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, చెంప మొద్దుబారినా, ముక్కులో నల్లటి పెచ్చు కట్టినా మాత్రలతో రోజులు గడపొద్దు. అదే రోజు భద్రాచలం ఏరియా ఆసుపత్రికో, ఖమ్మం పెద్దాసుపత్రికో వెళ్లాలి. షుగర్ ఉంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి.